వీరుడు ఎవరికి జవాబు చెప్పాలి?



ఒకే కథాలోకంలో, ఒకదాని కొస పట్టుకుని ఇంకొకటిగా వచ్చే సూపర్ హీరో సినిమాల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. మార్వెల్ సినిమాలు 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలయ్యాయి. 2019 ఏప్రిల్‌లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ వచ్చేసరికి 22 అయ్యాయి. ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి. వీటిలో ఏది గొప్పదన్న వాదన వేలూరు కాలేజీ హాస్టళ్లలోనూ, గుడియాత్తం టీ కొట్ల దగ్గరా ఇప్పటికీ తెగలేదు. ఆ వాదనలో నా పక్షం ఏదో, ఎందుకో చెబుతాను.

ముందు మా ప్రాంతం గురించి కొంచెం చెప్పాలి. వేలూరును మన పెద్దవాళ్లు రాయవేలూరు అంటారు. దానికి పడమరగా, అదే జిల్లాలో ఉంది గుడియాత్తం. పలమనేరు వైపు కొండల్లోంచి దిగివచ్చే కౌండిన్య నది ఈ ఊరి మీదుగా పారి పాలారులో కలుస్తుంది. లుంగీల నేతకూ, అగ్గిపెట్టెల తయారీకీ పేరున్న ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు రెండయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ జిల్లా సరిహద్దే రాష్ట్ర సరిహద్దు కూడా అయింది. పాలనలు వేరయ్యాయి గాని, చుట్టరికాలు అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది తమిళం.

అందుకని ఒకే సినిమాను మా వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో భాషలో చూస్తారు. ఊళ్లో అయితే తమిళం, సరిహద్దు దాటి చిత్తూరు వెళితే తెలుగు, వేలూరులో అయితే ఇంగ్లీషు కూడా. 2018లో వచ్చిన ‘ఇన్ఫినిటీ వార్’ తెలుగులో థానోస్‌కు గొంతిచ్చింది రానా దగ్గుబాటి. ఆ మరుసటి ఏడు తమిళ ‘ఎండ్‌గేమ్’కు మాటలు ఏ.ఆర్. మురుగదాస్ రాస్తే, ఐరన్ మ్యాన్‌కు విజయ్ సేతుపతి గొంతిచ్చాడు. ఇక్కడ ఒకే ఇంట్లో అన్నకు థానోస్ అంటే భల్లాలదేవుడి గొంతు గుర్తొస్తుంది, చెల్లెలికి ఐరన్ మ్యాన్ అంటే సేతుపతి గొంతు గుర్తొస్తుంది. వాళ్లిద్దరూ భోజనాల దగ్గర కూర్చుని ఏ సినిమా గొప్పదని వాదించుకుంటారు.

ఆ వాదనల్లో తరచుగా వినబడే కొలతలు మూడు. ఏ సినిమాలో ఎక్కువమంది వీరులు కలిశారు? దేనికి ఎక్కువ వసూళ్లొచ్చాయి? ఎక్కడ హాలు దద్దరిల్లింది? ఈ మూడింటిలో దేనితో కొలిచినా ‘ఎండ్‌గేమ్’ ముందుంటుంది. 2019 జులైలో అది ‘అవతార్’ను దాటి ప్రపంచంలోనే అత్యధిక వసూళ్ల సినిమా కూడా అయింది. కెప్టెన్ అమెరికా చేతికి థోర్ సుత్తి అందిన క్షణంలో హాల్లో లేచిన ఈలలు విన్నవాళ్లు దాన్ని మరిచిపోలేరు. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. కానీ అది ఆ ఒక్క సినిమా సంపాదించుకున్న ఆనందం కాదు. అంతకు ముందు వచ్చిన 21 సినిమాలు కూడబెట్టి ఇచ్చినది.

నేను అడిగే ప్రశ్న వేరు. ఈ సినిమాలో వీరుడు ఎవరికి జవాబు చెప్పాలి? అతని శక్తిని ప్రశ్నించే హక్కు ఎవరికుంది? ఆ ప్రశ్న ఎదురైనప్పుడు అతను నిలబడి విన్నాడా?

గుడియాత్తంలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1952లో రాజాజీ శాసనమండలికి నామినేట్ అయి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1954 ఏప్రిల్‌లో ఆయన స్థానంలోకి వచ్చిన కామరాజు అప్పటికి రాష్ట్ర శాసనసభలో సభ్యుడు కాదు. ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. మండలి దారి ఉన్నా, ఆయన నేరుగా జనం దగ్గరికే వెళ్లారు. ఉప ఎన్నికలో నిలబడి గెలిచింది గుడియాత్తంలోనే. పదవి చేతికొచ్చాక కూడా ఓటడగడానికి గడప దగ్గరికి వచ్చిన ముఖ్యమంత్రిని చూసిన ఊరు ఇది. అధికారం ఎంత పెద్దదైనా ఒక ఊరి ముందు నిలబడి ఒప్పించుకోవాలన్న సంగతి ఇక్కడివాళ్లకు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

ఇప్పుడు ఆ ప్రశ్నతో ఒక్కో సినిమా దగ్గరికి వెళ్దాం.

‘ఐరన్ మ్యాన్’లో టోనీ స్టార్క్ ఆయుధాలు తయారుచేసే కోటీశ్వరుడు. అఫ్గానిస్తాన్‌లో అతనికి తగిలిన బాంబు మీద అతని కంపెనీ పేరే ఉంటుంది. గుహలో అతని ప్రాణం నిలబెట్టిన యిన్‌సెన్ అనే డాక్టరు, చనిపోతూ ఆ బతుకును వృథా చేసుకోవద్దని చెప్పి పోతాడు. టోనీ జవాబు చెప్పాల్సింది ఆ మనిషికీ, తన మనస్సాక్షికీ. తొలి సినిమాకు అది గట్టి పునాది. అయితే ఆ ఆయుధాల వల్ల చచ్చిన ఊళ్లవాళ్లు ఆ సినిమాలో నోరు విప్పరు. పశ్చాత్తాపమంతా ఒక్క మనిషి గుండెలోనే జరిగిపోతుంది.

2014లో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్’ నా లెక్కలో రెండో స్థానం సినిమా. ఇందులో స్టీవ్ రోజర్స్ పనిచేసే సంస్థే, నేరం చేయబోతారని అనుమానం ఉన్నవాళ్లను ముందే చంపడానికి ఆకాశంలో మూడు యుద్ధనౌకలు సిద్ధం చేస్తుంది. నేరం జరగకముందే శిక్ష ఏమిటని అతను మొదటే అడ్డం తిరుగుతాడు. చివరికి ఆ సంస్థనే కూల్చేస్తాడు. ఆ సినిమాలో నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది చివరి పోరాటం. ఎదుట నిలబడి కొడుతున్నవాడు తన చిన్ననాటి స్నేహితుడు బకీ. అతనికి ఏమీ గుర్తులేదు. స్టీవ్ తన డాలును కిందికి, నదిలోకి జారవిడుస్తాడు. ఇక కొట్లాడనంటాడు. బలమున్నవాడు ఆ బలాన్ని తనంతట తాను వదులుకోవడం ఇన్ని సినిమాల్లో చాలా అరుదు.

2016 నాటి ‘సివిల్ వార్’ నా ప్రశ్నను పేరు పెట్టి మరీ అడిగింది. వీరుల్ని అదుపులో పెట్టే ఒప్పందం మీద 117 దేశాలు సంతకం చేస్తాయి. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి టోనీ ఎదురుగా నిలబడి, మీరు లోకాన్ని కాపాడిన రోజునే నా బిడ్డ చచ్చిపోయాడని చెబుతుంది. ఆ సినిమాలో అంత బరువున్న సన్నివేశం ఇంకొకటి లేదు. కానీ కథ అక్కడ నిలవలేదు. విమానాశ్రయంలో వీరులు రెండు జట్లుగా కొట్లాడుకోవడంలో ఆ తల్లి మరుగున పడిపోయింది.

‘ఇన్ఫినిటీ వార్’లో కథానాయకుడు నిజానికి థానోస్. విశ్వంలో సగం ప్రాణుల్ని తీసేస్తే మిగిలినవాళ్లు సుఖపడతారని తనకు తానే తీర్పు చెప్పుకుంటాడు. తాను పెంచిన కూతురు గమోరాను కూడా అందుకు బలిస్తాడు. ఎవరినీ అడగడు, ఎవరి మాటా వినడు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని శక్తి ఎంత భయంకరమో ఆ సినిమా చూపించినంత స్పష్టంగా ఇంకే సినిమా చూపలేదు. అందుకే అది నా మూడో స్థానంలో ఉంది. ‘ఎండ్‌గేమ్’ నాలుగోది. అందులో నాకు నచ్చింది యుద్ధం కాదు, టోనీ పెట్టిన షరతు. ఈ అయిదేళ్లలో తనకు కలిగిన కూతుర్ని పోగొట్టుకోకుండా, పోయినవాళ్లను వెనక్కి తేవాలంటాడు. ఆఖరికి ఆ బిడ్డ బతికుండే లోకం కోసమే ప్రాణం ఇస్తాడు. మొదటి సినిమాలో తన మనస్సాక్షికి జవాబు చెప్పుకున్నవాడు ఇక్కడ ఒక ఇంటికి జవాబు చెబుతాడు. అంతవరకూ అది మంచి ముగింపే.

ఇలా కథానాయకులు ఒక సినిమాలోంచి ఇంకో సినిమాలోకి రావడం మన రెండు భాషల ప్రేక్షకులకు ఎప్పటినుంచో అలవాటు. 1957లో విజయా వాళ్లు ‘మాయాబజార్’ను తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. కృష్ణుడుగా ఎన్.టి.రామారావు, ఘటోత్కచుడుగా ఎస్.వి.రంగారావు, నాయికగా సావిత్రి రెండింటిలోనూ ఉన్నారు. 1964 సంక్రాంతికి బి.ఆర్.పంతులు తీసిన తమిళ ‘కర్ణన్’లో శివాజీ గణేశన్ కర్ణుడైతే, కృష్ణుడు మళ్లీ రామారావే. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ కూడా ఆయనే. గుడియాత్తం తెలుగువాళ్లకు ఈ సినిమాలన్నీ అందుబాటులోనే ఉన్నాయి.

వీటిని కూడా అదే ప్రశ్నతో చూడండి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి మాయలకు అంతులేదు. కానీ అడవిలో అభిమన్యుడితో తలపడ్డాక, ఎదుట ఉన్నది పినతల్లి సుభద్ర అని తెలియగానే ఆ మహాకాయుడు వంగి తప్పు ఒప్పుకుంటాడు. తల్లి హిడింబ మాట అతనికి శాసనం. అతని మాయలన్నీ ఒక ఆడపిల్ల కోరుకున్న పెళ్లి జరిపించడానికే ఖర్చవుతాయి. మూడు తరాలుగా ఆ పాత్ర మనకు సొంత మనిషిలా ఉండడానికి రంగారావు విగ్రహం ఒక కారణమైతే, ఆ శక్తికి ఇంటి పెద్దల అదుపు ఉండడం ఇంకొక కారణం. ‘కర్ణన్’లో కర్ణుడు జవాబు చెప్పేది తన స్నేహితుడికి. ఆ స్నేహితుడి పక్షం అధర్మమని తెలిసీ చెబుతాడు. అందుకే అతని చావుకు మనం ఏడుస్తాం.

ఇక నా మొదటి స్థానం. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ‘బ్లాక్ పాంథర్’. దర్శకుడు రయన్ కూగ్లర్. స్టాన్ లీ, జాక్ కర్బీ ఇద్దరూ కలిసి 1966లో కామిక్స్ పుస్తకంలో సృష్టించిన పాత్ర ఇది. ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీలో నిలిచిన మొదటి సూపర్ హీరో సినిమా కూడా ఇదే. దుస్తులకు రూత్ కార్టర్‌కూ, కళకు హన్నా బీచ్లర్‌కూ, సంగీతానికి లుడ్విగ్ యోరాన్సన్‌కూ మూడు ఆస్కార్లు వచ్చాయి. వకాండా ఆఫ్రికాలో ఎక్కడా లేని దేశం. అయినా ఇన్ని సినిమాల్లో నాకు నిజమైన ఊరులా కనిపించింది అదొక్కటే. అందులో సంత ఉంది, పెద్దల సభ ఉంది, తెగల మధ్య పాత తగాదాలున్నాయి. ఐదు తెగల్లో నాలుగు రాజు ఏలుబడిలో ఉంటే, జబారీలు ఒప్పుకోక కొండలెక్కేశారు.

టి’చాలా రాజు కొడుకే. అయినా గద్దె అతనికి ఊరికే రాదు. జలపాతం దగ్గర నిలబడాలి. తనకున్న అతీతశక్తిని మందు తాగి పోగొట్టుకోవాలి. మామూలు మనిషిగా, ఎవరు సవాలు చేసినా ఎదుర్కోవాలి. తెగలన్నీ కళ్లెదుట చూస్తుంటాయి. జబారీల నాయకుడు ఎంబాకు సవాలు చేసి ఓడిపోతాడు. చంపే అవకాశం ఉన్నా, నీ జనానికి నువ్వు కావాలి, లొంగిపో అని టి’చాలా బతిమాలతాడు. ఆ తర్వాత ఇంకొక సవాలులో ఓడి, కొండ మీద మంచులో కొన ఊపిరితో ఉన్న టి’చాలాను నిలబెట్టేది ఆ ఎంబాకు జనమే.

ఇంతకంటే నన్ను కట్టిపడేసింది దేశపు అంచుల్లో కాపలా ఉండే సరిహద్దు తెగ. బయటివాళ్లకు వాళ్లు మామూలు పశువుల కాపరుల్లా కనిపిస్తారు. భుజాల మీద దుప్పట్లు కప్పుకుంటారు. లెసోతో దేశంలో బసోతో జనం కప్పుకునే దుప్పట్లనే రూత్ కార్టర్ తీసుకుని వాళ్లకు వేసింది. యుద్ధం వచ్చినప్పుడు ఆ తెగవాళ్లు వరసగా నిలబడి దుప్పటి అంచును ముందుకు పట్టుకుంటారు. అది వెలుగుతో మెరిసే డాలైపోతుంది. ఒకరి దుప్పటి పక్కన ఇంకొకరిది ఆనించి గోడ కడతారు. నేసిన గుడ్డ ఒక ఊరికి కవచమవడాన్ని మగ్గాల ఊళ్లో పెరిగినవాళ్లు చూస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఇక్కడ పొద్దస్తమానం మగ్గం మీద కూర్చున్నవాళ్ల నేత సంతలకూ, ఓడరేవులకూ వెళ్లిపోతుంది. దాన్ని నేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. వీరుల సినిమాలో నేతగుడ్డకు అంత మర్యాద దక్కడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ యుద్ధం ముగిసిన తీరు ఇంకా గొప్పది. సరిహద్దు తెగ నాయకుడు వకాబీ, సైన్యాధికారిణి ఒకోయే ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్లు. ఇప్పుడు ఆమె టి’చాలా పక్షాన, అతను ప్రతినాయకుడు కిల్‌మంగర్ పక్షాన ఉన్నారు. అతని ఖడ్గమృగం ఆమె మీదికి దూసుకొచ్చి, ఆమెను గుర్తుపట్టి ఆగిపోతుంది. ఆమె బల్లెం అతని వైపు తిప్పుతుంది. నన్ను చంపుతావా అని అడుగుతాడు. దేశం కోసమైతే తప్పకుండా అంటుంది. అతను చుట్టూ చూస్తాడు. నేల కూలినవాళ్లంతా తన ఊరివాళ్లే. కత్తి కింద పడేసి మోకరిల్లుతాడు. ఆ యుద్ధాన్ని ఆపింది ఏ వీరుడి దెబ్బా కాదు. ఒక స్త్రీ అడిగిన జవాబు.

ఆ కిల్‌మంగర్ వేసే ప్రశ్న అన్నిటికన్నా పదునైనది. ఇంత సంపద, ఇంత శక్తి పెట్టుకుని మీరు కొండల మధ్య దాక్కున్నారు, బయట మీ రక్తసంబంధీకులు నలిగిపోతుంటే ఎక్కడున్నారు? అతని తండ్రిని చంపింది టి’చాలా తండ్రే. ఆ సంగతి తెలిశాక టి’చాలా పితృలోకంలో తన తండ్రి ముఖం మీదే, పూర్వీకులందరి ముందే, మీరు చేసింది తప్పని చెబుతాడు. శత్రువును ఓడించి, ఆ శత్రువు అడిగిన ప్రశ్నలోని న్యాయాన్ని ఒప్పుకుని, దేశం తలుపులు తెరుస్తాడు. శత్రువును గెలిచిన వీరులు ఆ 22 సినిమాల్లో చాలామంది ఉన్నారు. శత్రువు మాటకు తన దేశం దారినే మార్చుకున్నవాడు ఇతనొక్కడే.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. చివరి పోరాటంలో గ్రాఫిక్స్ తేలిపోయాయని అంటారు. నిజమే, భూగర్భ రైలు పట్టాల మీద ఇద్దరూ కొట్టుకుంటుంటే బరువు తెలియదు. పోరాటాల పొందిక ‘వింటర్ సోల్జర్’లో ఇంతకంటే బాగుంది. లోకం దద్దరిల్లే ముగింపు ‘ఇన్ఫినిటీ వార్’ది. అవన్నీ ఒప్పుకున్నాకే నా ఓటు దీనికి వేస్తున్నాను. మిగతా సినిమాలు చూడనివాళ్లను కూడా ఈ సినిమా ముందు కూర్చోబెట్టవచ్చు. టి’చాలా తండ్రి చనిపోవడం ‘సివిల్ వార్’ కథ. అది చూడకపోయినా ఇక్కడ ఏదీ అర్థంకాకుండా పోదు.

టి’చాలాగా నటించిన చాడ్విక్ బోస్‌మన్‌కు పెద్దపేగు క్యాన్సర్ ఉందని 2016లోనే తెలిసింది. శస్త్రచికిత్సల మధ్య, కీమోథెరపీల మధ్య ఈ సినిమాలు చేశాడని 2020 ఆగస్టు 28న, 43 ఏళ్ల వయసులో ఆయన పోయాకే లోకానికి తెలిసింది. ఐడా స్కడ్డర్ 1900లో మొదలుపెట్టిన సీఎంసీ ఆస్పత్రి ఉన్నది మా వేలూరులోనే. ఆంధ్ర నుంచి, బెంగాల్ నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చి, వైద్యం చేయించుకుంటూనే బతుకు బండిని లాగుతున్నవాళ్లు దాని చుట్టూ ఉన్న వీధుల్లో రోజూ కనిపిస్తారు. ఆ ఊళ్లో ఈ సినిమాను మళ్లీ చూస్తే జలపాతం దగ్గర శక్తి వదులుకుని నిలబడిన మనిషి ఇంకోలా కనిపిస్తాడు. 2022లో రెండో భాగం తీసినప్పుడు ఆ పాత్రకు ఇంకొక నటుణ్ణి పెట్టలేదు. టి’చాలా అంత్యక్రియలతోనే కథ మొదలుపెట్టారు. అది సరైన మర్యాద.

ఇప్పుడు మన దగ్గరా ఇలాంటి కథాలోకాలు మొదలయ్యాయి. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ తీశాడు. 2025 ఆగస్టులో మలయాళంలో దుల్కర్ సల్మాన్ నిర్మించిన ‘లోకా’ వచ్చింది. ‘హనుమాన్’లో అంజనాద్రి అనే పల్లె, ‘లోకా’లో కేరళ జనం చెప్పుకునే కళ్లియంకాట్టు నీలి కథ, ఈ రెండూ ఒక నేలను పట్టుకుని మొలిచినవి. ఆ దారి మంచిదని నా నమ్మకం.

మా నేలలోనూ అలాంటి కథ ఉంది. ఏటా వైకాసి నెల మొదటి రోజున, మే మధ్యలో, గుడియాత్తంలో గంగమ్మ శిరసు పండుగ జరుగుతుంది. అమ్మవారి శిరస్సును ఊరేగించి, మొండేనికి అతికించి, అప్పుడు దర్శనం ఇస్తారు. దాని వెనక ఉన్నది రేణుక కథ. తండ్రి ఆజ్ఞ మీద తల్లి తల నరికి, మళ్లీ ఆ తల్లి ప్రాణాన్నే వరంగా అడుక్కున్న పరశురాముడి కథ. ఆ పరశురాముడే రామాయణంలో పెళ్లి చేసుకుని వస్తున్న రాముడికి ఎదురవుతాడు. భారతంలో కర్ణుడికి విద్య నేర్పి, శపిస్తాడు. ఒక కథలోంచి ఇంకో కథలోకి అతను గొడ్డలి ఒక్కటే తీసుకెళ్లడు, ఆ తల్లి విషయంలో తాను చేసిన పనిని కూడా మోసుకెళ్తాడు. ఇంత కథ ఊరేగింపుగా కళ్లెదుట నడిచే ఊరి పిల్లలు రేపు కెమెరా పడితే, వాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీ వీరుడి శక్తి ఎంతో చివర్లో తేల్చుకోవచ్చు. అతణ్ణి నిలదీసే మనుషులెవరో, వాళ్లుండే ఊరేదో ముందు తేల్చుకోండి.

చూసేవాళ్లకూ అదే మాట. ఈసారి మీ ఇంట్లో ఏ సినిమా గొప్పదన్న వాదన వస్తే వసూళ్ల లెక్క పక్కన పెట్టి, వీరుడు ఎవరి ముందు తల వంచాడో అడిగి చూడండి. మీ వరస నా వరసలా ఉండకపోవచ్చు. కానీ ఆ వాదన సినిమాతో ఆగిపోదు. మనం నెత్తిన పెట్టుకునే పెద్దవాళ్ల గురించీ అదే ప్రశ్న అడగడం మనకు అలవాటవుతుంది.